ఒకే లంగరు మీద ఐదు పడవలు: చెసపీక్‌లో రాఫ్టప్ కట్టే, విప్పే పద్ధతి

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మన పెద్దవాళ్ళు చెబుతారు. రాఫ్టప్‌లో పనే అది. పులిహోర గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు మీ పడవ మీద, రెండో కాలు పక్కవాళ్ళ పడవ మీద ఉన్న క్షణంలో ఏ స్పీడ్‌బోటో దూసుకుపోయి అల లేపిందంటే, ఆ సామెత పుట్టించినవాడు పడవల మనిషేనని నమ్మకం కలుగుతుంది.

రాఫ్టప్ అంటే ఇంతే. తెరచాప పడవలవాళ్ళు శని ఆదివారాల్లో ఓ పాయలోకి చేరతారు. ఒక పెద్ద పడవ లంగరు వేస్తుంది. మిగతావి దానికి అటూ ఇటూ ఒకదాన్ని ఆనుకుని ఒకటి కట్టుకుంటాయి. సాయంత్రం దాకా అందరూ ఒకే అరుగు మీద ఉన్నట్టు గడుపుతారు. గోదావరి మీద రెండు నావలు జోడించి, పైన బల్లలు పరిచి పంటు కట్టడం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. కాకపోతే పంటు కట్టేవాడు మళ్ళీ విప్పాలని కట్టడు. రాఫ్టప్‌ని విప్పడానికే కట్టాలి. కింద చెప్పబోయే ప్రతి తాడు దగ్గరా, ప్రతి ఫెండరు (పడవలు రాసుకోకుండా మధ్యలో వేలాడదీసే గాలి బుడ్డి) దగ్గరా నేను అడిగే ప్రశ్న ఒకటే: చీకట్లో, వానలో, పిల్లలు ఏడుస్తుండగా, ఇది ఎంతసేపట్లో ఊడుతుంది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఆ కథ దాని చోట చెబుతాను.

ఇది ముఖ్యంగా మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండి, అక్టోబరులో అనాపొలిస్ బోట్ షో చూసొచ్చి, ఆ ఊపులో పాతదో కొత్తదో ముప్ఫై అడుగుల పడవ కొనేసిన మనవాళ్ళ కోసం. ఆ షో 1970 నుంచీ ఎందరి జేబులు ఖాళీ చేసిందో లెక్కలేదు, నాది కూడా అందులో కలిపి. చెసపీక్ బే, అంటే అక్కడి సముద్రపు అఖాతం, ఈ సరదాకి చేసిపెట్టినట్టు ఉంటుంది. పొడవు సుమారు 320 కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం 21 అడుగులే. ఎటు తిరిగినా ఓ నది, ఓ పాయ, దాంట్లోంచి ఇంకో పిల్ల పాయ. అడుగున బురద. పోటుకీ పాటుకీ తేడా అనాపొలిస్ దగ్గర మామూలుగా ఒక అడుగు, అంతే. రెండ్రోజులు వాయవ్యం గాలి గట్టిగా కొడితే మాత్రం బేలో నీళ్ళు వెనక్కి పోయి, నిన్న తేలిన చోట ఇవాళ కీల్ (పడవ అడుగున కిందకి దిగి ఉండే బరువైన రెక్క) బురదలో కూర్చుంటుంది.

పడవ ముందుభాగానికి అణియం, వెనకభాగానికి అమరం అని మన భాషలో చక్కటి మాటలు ఉన్నాయి. వాటినే వాడతాను.

చోటు, రోజు

అనాపొలిస్ నుంచి బయల్దేరే కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది రోడ్ రివర్. 1875 నుంచీ నీళ్ళలో ఇనపకాళ్ళ మీద నిలబడ్డ థామస్ పాయింట్ లైట్‌హౌస్ దాటి దక్షిణానికి వెళ్ళి, పడమటికి తిరగాలి. వెస్ట్ రివర్, రోడ్ రివర్ రెండూ ఒకే నోటితో బేలో కలుస్తాయి. కుడిచేతి పాయ పట్టుకుంటే రోడ్ రివర్. ఒడ్డున స్మిత్సోనియన్ వాళ్ళ పర్యావరణ పరిశోధన కేంద్రం తాలూకు అడవి ఉండబట్టి ఇళ్ళు పల్చగా కనిపిస్తాయి, గాలి నుంచి చాటు దొరుకుతుంది, అడుగున మెత్తటి బురద.

మగోతీ రివర్‌లో డాబిన్స్ ఐలండ్ దగ్గర ఇసక ఉంది, పిల్లలకి ఇష్టం. వేసవి శనివారం అక్కడ మోటారు బోట్లు, స్పీకర్లు, తిరునాళ్ళే. పగలు బాగుంటుంది, నిద్ర కావాలనుకునేవాళ్ళు వెళ్ళొద్దు. సోమవారం కూడా సెలవు కలిసొస్తే అవతలి ఒడ్డున వై రివర్‌కి వెళ్ళండి. నోటి దగ్గరున్న షా బే విశాలంగా ఉంటుంది, పెద్ద రాఫ్టులకి సరిపోతుంది. లోపల గ్రానరీ క్రీక్, డివైడింగ్ క్రీక్ లాంటివి ఇరుకు. రెండు మూడు పడవలకి మించి కట్టాలనుకోవద్దు.

ఎక్కడైనా సరే, చోటు ఎంచుకునేటప్పుడు లంగరు చుట్టూ మనసులో ఒక గుండ్రం గీయండి. గాలి తిరిగితే రాఫ్టు మొత్తం ఆ గుండ్రంలో తిరుగుతుంది. వంద అడుగుల మోకు వదిలారు, పడవ పొడవు 35 అడుగులు. అంటే 135 అడుగుల వ్యాసార్థం, దానికి రాఫ్టు వెడల్పు తోడు. ఒక్కో పడవ పదకొండు పన్నెండు అడుగుల వెడల్పు వేసుకుంటే, ఐదు పడవలు కలిసి అరవై అడుగుల గోడ. ఆ గుండ్రంలో రేవుగానీ, వేరేవాళ్ళ పడవగానీ, పడవలు నడిచే కాలవగానీ, పీతల బుట్టల తేలుబుడ్డిగానీ ఉండకూడదు. లోతు గుండ్రం అంచు దాకా చూసుకోవాలి. లంగరు వేసిన చోట ఎనిమిది అడుగులు ఉంటే చాలదు.

రోజు సంగతి. జూలై, ఆగస్టుల్లో నీళ్ళలో జెల్లీఫిష్, మధ్యాహ్నం దాటాక పడమటి నుంచి ఉరుములు. మే, జూన్ మేలు. నన్నడిగితే సెప్టెంబరు చివరివారం అన్నిటికన్నా మేలు: నీళ్ళింకా వెచ్చగానే ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది, జనం తగ్గుతారు. శుక్రవారం రాత్రి, శనివారం పొద్దున, బయల్దేరే ముందు, మూడుసార్లు నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ మెరైన్ ఫోర్‌కాస్ట్ చూడండి. గాలి 15 నాట్లు (నాటు అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) దాటుతుందన్నా, ఉరుముల మాట కనిపించినా కట్టకండి. ఎవరి లంగరు వాళ్ళు వేసుకుని, డింగీల్లో, అంటే వెంట తెచ్చుకునే చిన్న పడవల్లో, ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళండి. పులిహోర అలా కూడా పంచుకోవచ్చు.

లంగరు పడవ

అందరికన్నా బరువైన పడవ, అందరికన్నా పెద్ద లంగరు ఉన్న పడవ మధ్యలో ఉండాలి. దాని యజమానే ఆ రోజుకి సరంగు. వయసులో పెద్దాయన వేరే ఉండచ్చు, ఉద్యోగంలో పెద్దాయన ఇంకొకరు ఉండచ్చు. రాఫ్టు మీద మాత్రం సరంగు మాటే మాట. ఎవరు ఏ పక్క కట్టాలి, ఎప్పుడు విప్పాలి అన్నది ఆయనే చెబుతాడు. దీన్ని ముందే వాట్సాప్‌లో తేల్చుకోండి. నీళ్ళ మీద తేల్చుకోవడం మొదలుపెడితే "మీ ఇష్టం బావగారూ", "అబ్బే, మీ ఇష్టం" అనుకునేలోపు రెండు పడవలు రాసుకుంటాయి.

సరంగు మిగతావాళ్ళకన్నా గంట ముందు చేరాలి. లంగరు వేసే లెక్క ఇది: నీటి లోతు 8 అడుగులు, పోటుకి ఇంకో 2 కలుపుకోండి, నీటిమట్టం నుంచి అణియం ఎత్తు 4. మొత్తం 14. దానికి ఏడు రెట్లు, అంటే 98. వంద అడుగుల మోకు వదలాలి. ఆ 4 అడుగులు లెక్కలో మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. మర్చిపోతే 28 అడుగులు తగ్గిపోయింది చూడండి.

చెసపీక్ బురద పెరుగు లాంటిది. వెడల్పు రేకులున్న డాన్‌ఫోర్త్ రకం లంగరు దాంట్లో బాగా పట్టుకుంటుంది. అయితే వేసిన వెంటనే రివర్స్‌లో గట్టిగా లాగితే బురదని దున్నుకుంటూ వచ్చేస్తుంది. లంగరు దించి, పడవని గాలికి తాపీగా వెనక్కి పోనిచ్చి, మోకు అంతా వదిలాక పది నిమిషాలు కూర్చోనివ్వండి. టీ తాగండి. అప్పుడు ఇంజను రివర్స్‌లో వేసి కొద్దికొద్దిగా పెంచుతూ ఒక నిమిషం ఉంచండి. ఒడ్డున ఓ చెట్టు, దాని వెనక ఓ ఇంటి కప్పు వరసలో చూసుకోండి. ఆ రెండూ ఒకదానికొకటి జరగకపోతే లంగరు కూర్చుంది. జరిగితే మొహమాటపడకుండా ఎత్తి మళ్ళీ వేయండి. ఆ లంగరు మీద మీ పడవ ఒక్కటే కాదు, ఐదు కుటుంబాలు ఆధారపడతాయి.

గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. 10 నాట్లలో ఒక పడవని ఆపిన లంగరు, 20 నాట్లలో ఐదు పడవల్ని ఆపాలంటే దాని మీద ఇరవై పడవల భారం పడ్డట్టు. నా నియమం: ఒక లంగరు మీద మూడు పడవలు హాయి, ఐదు గరిష్ఠం, అదీ గాలి పది నాట్లలోపు ఉన్నప్పుడు.

పక్కకి రావడం

రెండో పడవవాళ్ళు అసలు పని దూరంగా ఉండగానే పూర్తి చేసుకోవాలి. డింగీని వెనక పొడవు తాడుతో లాక్కొస్తుంటే దగ్గరికి లాగి, కట్టబోయే వైపుకి అవతల కట్టండి. లేకపోతే రివర్స్ వేసినప్పుడు ఆ తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. తెరచాపలు దించి చుట్టేయాలి. రైలింగు మీంచి బయటికి పొడుచుకొచ్చిన గాలాలు, జెండా కర్రలు, గ్రిల్లు, అన్నీ లోపలికి.

ఫెండర్లు రెండువైపులా వేలాడదీయండి, వైపుకి కనీసం నాలుగు. ఒకవైపు సరంగు పడవ ఉంటే, రెండోవైపుకి ఇంకోరు వస్తారు. పడవ పొట్ట వెడల్పుగా ఉన్నచోట రెండు పెద్దవి, మిగతావి అటూ ఇటూ. ఫెండరు తాడుని లైఫ్‌లైన్ తీగకి, అంటే డెక్ చుట్టూ కంచెలా ఉండే తీగకి, కట్టడం అందరికీ ఉన్న దురలవాటు. అల వచ్చి రెండు పడవలు పైకీ కిందకీ ఊగితే ఆ లాగుడంతా సన్నటి తీగ మీద పడుతుంది. స్టాంచన్ (ఆ తీగని నిలబెట్టే కమ్మీ) మొదట్లోగానీ డెక్ అంచున ఉన్న పట్టాకిగానీ కట్టండి.

తాళ్ళు నాలుగు సిద్ధం చేసుకోవాలి: అణియానికొకటి, అమరానికొకటి, రెండు స్ప్రింగులు (పడవ ముందుకీ వెనక్కీ జారకుండా ఏటవాలుగా కట్టేవి). క్లీట్‌కి, అంటే డెక్ మీద తాడు కట్టే కొమ్ముల కొక్కేనికి, ఒక కొస కట్టి, తాడుని రైలింగు కింద నుంచి బయటికి తీసి, మళ్ళీ పైనుంచి లోపలికి తెచ్చి చుట్టలుగా పెట్టుకోవాలి. రైలింగు మీంచి నేరుగా ఇచ్చేస్తే, కట్టాక తాడు బిగిసి రైలింగునే వంచేస్తుంది. నేను వంచాను.

ఇప్పుడు నడక. సరంగు పడవ అణియం గాలికి ఎదురుగా ఉంటుంది. మీరూ వెనక నుంచి, గాలికి ఎదురుగానే, ఆ పడవకి సమాంతరంగా రండి. మధ్యలో ఒక పడవ వెడల్పంత ఖాళీ వదలండి. వేగం నడిచే మనిషిలో సగం. ఇద్దరి అమరాలూ దాదాపు ఒక వరసలోకి వచ్చాక ఆగిపోండి. అవును, పక్కన పూర్తిగా ఆగిపోండి. అప్పుడు కొద్దిగా లోపలికి జరిగితే చాలు.

తాడు విసరకండి, చేతికివ్వండి. విసిరితే నూటికి తొంభైసార్లు నీళ్ళలో పడుతుంది, మిగతా పదిసార్లు ఎవరి మొహానో తగులుతుంది. మా ఆవిడ అణియం దగ్గర నిలబడి తాడు చుట్ట చెయ్యి చాచి పట్టుకుంటుంది, నేను నడుపుతాను. "ఆరడుగులు... నాలుగు... రెండు... ఇచ్చేశాను!" అని అంకెలు మాత్రమే అరుస్తుంది. "కొంచెం ఇటు", "ఇంకొంచెం అటు" అనే మాటలు మేం మానేశాం. ఆ మాటల వల్ల ఒకసారి రెండ్రోజులు మాట్లాడుకోలేదు.

అణియం తాడు ముందు, అమరం తాడు తరవాత, స్ప్రింగులు చివర. ఇవన్నీ అయ్యేదాకా వచ్చిన పడవ ఇంజను ఆపకూడదు. పడవలు మరీ దగ్గరికి వచ్చేస్తుంటే మధ్యలో చెయ్యిగానీ కాలుగానీ అడ్డం పెట్టకండి. క్యాటలీనా 30 లాంటి మామూలు పడవే నాలుగున్నర టన్నుల పైన బరువు ఉంటుంది. ఒకరు ఖాళీ ఫెండరు పట్టుకుని తిరుగుతూ, తగలబోయే చోట దాన్ని దూర్చాలి. ఆ పని మా రాఫ్టులో పదేళ్ళ పిల్లది చేస్తుంది, మా అందరికన్నా బాగా.

మొదటి అతిథి పడవ కుడిపక్క కడితే రెండోది ఎడమపక్క, అలా మార్చి మార్చి రావాలి. బరువైనవి మధ్యకి, తేలికవి చివర్లకి.

మాస్టులు

కట్టడం అయిపోగానే అందరూ సీసాలు తెరుస్తారు. ఆగండి. ఒకరు అణియం దగ్గరికి వెళ్ళి, తలెత్తి పైకి చూడాలి. మాస్టుకి, అంటే తెరచాప స్తంభానికి, సగం ఎత్తున అటూ ఇటూ చేతుల్లా చాపుకుని ఉండేవి స్ప్రెడర్లు. రెండు పడవల మాస్టులు ఒకే వరసలో ఉంటే, అలకి ఒకటి ఇటూ ఒకటి అటూ ఒరిగినప్పుడు ఆ చేతులు కొట్టుకుంటాయి, ఒక్కోసారి పక్క పడవ తీగల్లో చిక్కుకుపోతాయి. డెక్ దగ్గర రెండు పడవల మధ్య రెండడుగుల ఖాళీ ఉన్నా, నలభై అడుగుల పైన ఆ ఖాళీ ఉండదు.

అందుకని స్ప్రింగులు సడలించి, పక్క పడవని రెండు మూడడుగులు ముందుకో వెనక్కో జరపాలి. అప్పుడు అమరాలు ఒక వరసలో ఉండవు, ఫొటోలో అందంగా రాదు. పోనివ్వండి. జరిపాక ఒక పరీక్ష చేయండి: నలుగురు మనుషులు ఒక పడవ ఒక అంచున చేరి దాన్ని కావాలనే ఊపండి, ఇంకొకరు పైకి చూస్తూ ఉండాలి. ఆ స్ప్రెడర్లు ఒకదానికొకటి తగలకుండా దాటుకుపోతున్నాయంటే ఇప్పుడు సీసాలు తెరవచ్చు.

తాళ్ళు, ముళ్ళు

అణియం తాడు, అమరం తాడు పడవల్ని పక్కపక్కన ఉంచుతాయి. స్ప్రింగులు ముందుకీ వెనక్కీ జారకుండా ఆపుతాయి. మీ అణియం దగ్గర నుంచి పక్క పడవ నడుము దాకా ఒకటి, మీ అమరం దగ్గర నుంచి వాళ్ళ నడుము దాకా ఇంకొకటి. స్ప్రింగులు బిగువుగా ఉండాలి, మిగతా రెండూ ఓ మోస్తరుగా. అన్నీ బిగించేస్తే ప్రతి అలకీ క్లీట్లు కిర్రుమంటాయి, రాత్రి ఆ చప్పుడుకే పిచ్చెక్కుతుంది.

క్లీట్‌కి కట్టేది ఒక చుట్టు, ఒక ఎనిమిది ఆకారం, ఒక తిరగేసిన మెలిక. అంతే. మనవాళ్ళకి గడ్డిమోపు కట్టిన చేతులు కాబట్టి ఆరేడు మెలికలు వేస్తేగానీ తృప్తి ఉండదు. ఆ ఆరేడు మెలికలు తడిసి, భారం పడి బిగిశాక ఎలా ఉంటాయో ఒకసారి చూడండి.

ఇక అన్నిటికన్నా పట్టింపుగా చెప్పేది: ఒక క్లీట్ మీద ఒకే పడవ తాడు. రెండో పడవ తాడు మొదటిదాని మీద వేశారో, కిందది విప్పాలంటే పైది విప్పాలి. చోటు లేకపోతే విన్చ్ (తాడు చుట్టి బిగించే డోలు) వాడండి, మాస్టు మొదలు వాడండి.

నేను అణియం, అమరం తాళ్ళని ఉచ్చు వేసి వదిలేయను. నా క్లీట్ దగ్గర ఒక కొస కట్టి, పక్క పడవ క్లీట్ చుట్టూ తిప్పి, రెండో కొస మళ్ళీ నా పడవ మీదకే తెచ్చి కడతాను. తాడు రెట్టింపు పొడవు కావాలి. కానీ వెళ్ళిపోవాలంటే అవతలి పడవ మీద మనిషి ఉండనక్కర్లేదు. ఒక కొస వదిలి రెండోది లాగితే తాడు మొత్తం నా చేతికొస్తుంది.

ప్రతి పడవ చుక్కాని మధ్యకి పెట్టి చక్రం బిగించేయాలి. ఐదు పడవల చుక్కానులు ఐదు దిక్కులు చూస్తుంటే రాఫ్టు తాగినవాడిలా తూలుతుంది.

ఐదు దాటితే కొన్ని క్లబ్బులు చివరి పడవల లంగర్లు కూడా డింగీలో తీసుకెళ్ళి ఏటవాలుగా వేస్తాయి. గాలి దిక్కు మారని రోజున అది గట్టిగానే ఉంటుంది. మారితే మోకులు జడ అల్లుకుంటాయి. నేను రెండు రాఫ్టులుగా విడగొడతాను. వెనక లంగరు మాత్రం ఎప్పుడూ వద్దు. గాలి పక్క నుంచి తిరిగితే అరవై అడుగుల గోడ తిరగలేక, భారమంతా అడ్డంగా పడుతుంది.

సాయంత్రం

పక్కవాళ్ళ పడవ దాటి వెళ్ళాలంటే వాళ్ళ కాక్‌పిట్ గుండా కాకుండా, మాస్టుకి ముందు, అణియం మీదుగా దాటాలి. కాక్‌పిట్, అంటే పడవ నడిపేవాళ్ళు కూర్చునే గుంట, వాళ్ళ వసారా లాంటిది. పిలిస్తేనే అందులోకి. చెప్పులు విప్పి వెళ్ళడం మనకి పుట్టుకతో వచ్చిన మర్యాద. డెక్ మీద క్లీట్లకి కాలివేళ్ళు తగిలితే ప్రాణం పోతుంది కాబట్టి, తెల్ల అడుగున్న శుభ్రమైన బూట్లు ఉంటే వేసుకునే ఉండమని నేనే చెబుతాను. ఒక చెయ్యి మీకు, ఒక చెయ్యి పడవకి. గిన్నెలు చేతిలో పట్టుకుని దాటకండి, అటు మనిషి చేతికి అందించి దాటండి.

వంట ఇంట్లోనే వండి తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం, వేపుడు, ఆవకాయ. ఒకసారి ఒకాయన రాఫ్టు మీద వేడివేడి మిరపకాయ బజ్జీలు వేస్తానన్నాడు. మూకుట్లో నూనె కాగుతోంది. పెద్ద అల వచ్చింది. నూనె ఆయన మీద పడలేదు, స్టవ్ పక్కన పడింది, అది మా అదృష్టం. లంగరు మీద ఉన్నంతసేపూ లోతు నూనె వంట మానుకోండి. పీతలు కావాలంటే ఒడ్డునే ఉడికించి ఓల్డ్ బే మసాలా అద్ది అమ్ముతారు, డజను కొనుక్కొచ్చి పాత పేపర్ల మీద పోసుకుని తినచ్చు. ఆ మసాలాలోనే ఉప్పు దండిగా ఉంటుంది, మళ్ళీ వేయకండి. నాకు మాత్రం యానాం పీతల ఇగురే పీతల కూర.

టాయిలెట్ ఎవరి పడవది వాళ్ళదే. ట్యాంకు నిండితే రేవులో పంపౌట్ చేయించాలి, అంటే పంపుతో తోడించాలి, నీళ్ళలోకి వదలకూడదు. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ళలోపు శుద్ధి చేయని మురుగు వదలడం అమెరికాలో నేరం, చెసపీక్ అంతా ఆ లోపలే. పక్కన మీ పిల్లలే ఈదుతుంటారు, చట్టం దాకా కూడా వెళ్ళక్కర్లేదు.

ఈత అనగానే రెండు సంగతులు. మొదటిది, నీళ్ళలో మనిషి ఉంటే రాఫ్టు మొత్తంలో ఏ ఇంజనూ, జెనరేటరూ నడవకూడదు. ప్రొపెల్లర్ భయం అందరికీ తెలుసు, పొగ సంగతి తెలియదు. పడవలు దగ్గరగా ఆనుకున్నప్పుడు ఎగ్జాస్ట్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మధ్య సందుల్లో పేరుకుంటుంది. వాసన ఉండదు. బ్యాటరీ చార్జింగ్ కోసం మీరు ఇంజను వేస్తే, పక్క పడవ కిటికీలోంచి అది నిద్రపోతున్న పాప దగ్గరికి వెళ్తుంది. చార్జింగ్ అంతా కట్టుకోక ముందే చేసుకు రండి, క్యాబిన్‌లో అలారం పెట్టుకోండి. రెండోది, అమరం నుంచి యాభై అడుగుల తేలే తాడు వదిలి, చివర ఒక ఫెండరు కట్టండి. పాటు లాగినా, అలసిపోయినా పట్టుకోవడానికి ఉంటుంది.

డింగీలో తిప్పేటప్పుడు పిల్లలకి లైఫ్‌జాకెట్ వేయాల్సిందే. మేరీలాండ్‌లో 21 అడుగుల లోపు పడవ కదులుతుంటే 13 ఏళ్ళలోపు వాళ్ళకి అది చట్టం. పెద్ద పిల్లాడు "నేను నడుపుతాను" అన్నాడా, 1972 జూలై 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళకి బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. అది పిల్లలకే కాదు, మనలో చాలామందికి వర్తిస్తుంది. పడవ నడిపేవాడికి మద్యం పరిమితి కారుకున్నట్టే 0.08 శాతం. సరంగు ఆ రోజు ముట్టకపోతే మంచిది, ఎందుకో కింద చూడండి.

చీకటి, వాన

నాలుగేళ్ళ కిందట, జూలై శనివారం. ఐదు పడవలం. నాది ఎడమపక్క రెండోది. పొద్దున ఫోర్‌కాస్ట్‌లో ఉరుములకి ముప్ఫై శాతం అవకాశం అని ఉంది, డెబ్భై శాతం మనదే కదా అనుకున్నాం. సాయంత్రం ఆరున్నరకి పడమటి చెట్ల వెనక ఆకాశం వంకాయ రంగుకి తిరిగింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. జెండాలు వేలాడిపోయాయి. ఎవరో "హమ్మయ్య, చల్లబడింది" అన్నారు.

పది నిమిషాల తరవాత వాయవ్యం నుంచి కొట్టింది. సరంగు పడవలో గాలి మీటరు 38 నాట్లు చూపించింది. రాఫ్టు మొత్తం ఒక తలుపులా పక్కకి తిరిగింది. నా అణియం క్లీట్ మీద నా తాడు, దాని మీద పక్కాయన తాడు, దాని మీద ఎవరిదో డింగీ తాడు. మూడూ ఇనపకమ్మీల్లా బిగిశాయి. మెలికలు ఊడదీయడానికి గోళ్ళు చాల్లేదు. అవతలి పడవలో మా వాడు, నా పడవలో వాళ్ళ అమ్మాయి. ఒడ్డున ఉన్న దీపం దగ్గరవుతోంది, అంటే లంగరు జారుతోంది. చివరికి మా ఆవిడ వంటింట్లోంచి బ్రెడ్డు కోసే రంపపు కత్తి తెచ్చింది. తాళ్ళు కోసుకుని విడిపోయాం. ఒక స్ప్రెడరు వంగింది, మనుషులకి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున ఆ కోసిన తాడు ముక్కలు ఏరుకుంటూ ఎవరం ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

అప్పటి నుంచీ మా పద్ధతి ఇది. కట్టిన వెంటనే, తినకముందే, సరంగు అందరికీ విడిపోయే షరతు చెబుతాడు: ఒక్క ఉరుము వినిపించినా, గాలి 15 నాట్లు దాటి ఐదు నిమిషాలు నిలిచినా, స్పెషల్ మెరైన్ వార్నింగ్ వచ్చినా, చర్చ లేదు. ఆ వార్నింగ్ అంటే 34 నాట్లు, ఆ పైన గాలులు వస్తున్నాయని. అది వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, అందుకే ఉరుముని ముందు పెట్టాం. ప్రతి పడవలో రేడియో 68వ చానెల్ మీద తెరిచి ఉండాలి, తాళంచెవి ఇంజనుకే ఉండాలి, అణియం దగ్గర ఒక కత్తి ఉండాలి.

సరంగు "విప్పండి" అనగానే మొదట ఎవరి పిల్లలు వాళ్ళ పడవకి. తలలు లెక్కపెట్టి రేడియోలో సంఖ్య చెప్పాలి. తరవాత ఇంజన్లు. తరవాతే తాళ్ళు. బయటి పడవలు ముందు. మేం ప్రతి ఏడాది మొదటి రాఫ్టప్‌లో ఇది ఉత్తుత్తిగా చేసి చూస్తాం. ఐదు పడవలు విడిపోవడానికి మొదటిసారి ఇరవై రెండు నిమిషాలు పట్టింది, ఇప్పుడు తొమ్మిదిలో అవుతుంది.

వాతావరణం ఎంత బాగున్నా, చీకటి పడేలోపు విడిపోవాలన్నది నా అభిప్రాయం. రాత్రంతా కట్టుకుని ఉండేవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో వాదించను. ఉండిపోయేటట్టయితే మాస్టు మీద చుట్టూ కనిపించే తెల్ల దీపం ప్రతి పడవా వెలిగించాలి, సరంగుది ఒక్కటి వెలిగితే చివరి పడవ చీకట్లోనే ఉంటుంది. ఫోన్‌లో యాంకర్ అలారం పెట్టి, రెండు గంటలకొకరు చొప్పున మేలుకోండి.

విడిపోవడం

వరస తెలిసిందే: చివర వచ్చినవాళ్ళు ముందు. ఇంజను వేసి, స్ప్రింగులు తీసి, అమరం తాడు, ఆఖరికి అణియం తాడు వదిలి, రెండు పడవల మధ్య ఫెండర్లు అలాగే ఉంచి, గాలికి తాపీగా వెనక్కి జారిపోవాలి. ముందుకి వెళ్ళకండి, సరంగు మోకు ఉంది అక్కడ.

మధ్యలో ఉన్నవాళ్ళే ముందు వెళ్ళాల్సి వస్తే, ఉదాహరణకి పసిబిడ్డకి జ్వరం వచ్చిందనుకోండి, కంగారు పడక్కర్లేదు. వాళ్ళకి అటూ ఇటూ ఉన్న రెండు పడవల మధ్య ముందుగా ఒక తాడు, వెళ్ళే పడవ అణియానికి ముందు నుంచి, కట్టండి. వెనక వైపు ఏ తాడూ అడ్డం ఉండకూడదు. అప్పుడు ఆ పడవ తన తాళ్ళన్నీ వదిలి వెనక్కి జారుతుంది, మిగిలిన రెండిటినీ ఆ ముందు తాడుతో దగ్గరికి లాక్కుని, తరవాత అమరం కట్టుకుంటే సరి. ఇది సరంగు పడవకి మాత్రం కుదరదు. సరంగుకి ముందు వెళ్ళే పనుంటే ఆయన సరంగుగా ఉండకూడదు.

అందరూ వెళ్ళాక లంగరు ఎత్తేటప్పుడు గొలుసుకి పట్టిన నల్లటి బురద ఒక బకెట్ నీళ్ళతో పోదు. ప్రతి అడుగుకీ ఆగి బ్రష్షుతో రుద్దితేగానీ, ఆ వాసన వారం రోజులు క్యాబిన్‌లో ఉంటుంది. ఆ పనిలో ఉండగా చూస్తే, మీది కాని నీలంరంగు ఫెండరు ఒకటి మీ రైలుకి వేలాడుతూ కనిపిస్తుంది, కాక్‌పిట్‌లో ఎవరిదో స్టీలు గిన్నె. 68లో అడగండి, ఇంకా అందరూ వినేంత దూరంలోనే ఉంటారు.